ఆటలో గలగలా మాట్లాడే పిల్లాడు ఇంట్లో నోరెందుకు విప్పడు?

ముందు మీ ప్రశ్నను నాకు అర్థమైనట్టు ఒకసారి చెప్తాను. మీది ఒడిశా సరిహద్దులోని పర్లాకిమిడి. బాబుకు పదిహేనేళ్లు, వచ్చే ఏడు పదో తరగతి. లాక్‌డౌన్‌లో ఆన్‌లైన్ క్లాసుల కోసం కొన్న ఫోన్ అలాగే వాడి చేతిలో ఉండిపోయింది. రాత్రి ఒంటిగంట దాకా ఫ్రీ ఫైర్ ఆడతాడు, మిగతా టైమంతా రీల్స్. చుట్టాలొస్తే లోపలి గదిలోకి వెళ్లి తలుపేసుకుంటాడు. కొట్టుకు పంపిస్తే ఏమీ అడగలేక ఉత్త చేతులతో తిరిగొస్తాడు. పాతపట్నంలో మీ అన్నగారింటి పెళ్లిలో మూడు రోజులూ ఓ మూల కుర్చీలో ఫోన్ పట్టుకుని కూర్చున్నాడు. మీవారు కోపం ఆపుకోలేక ఫోన్‌ను నేలకేసి కొట్టారు. నాలుగు రోజులు పిల్లాడు అన్నం ముట్టకపోతే మీరే అప్పు చేసి ఇంకోటి కొన్నారు. ఇది అడిక్షనేనా, ఫోన్ లాగేసుకోవాలా, వీడికి మనుషులతో మాట్లాడటం ఎప్పటికైనా వస్తుందా, వచ్చే నెల తాతగారి సంవత్సరీకానికి తీసుకెళ్లాలా వద్దా. ఇవీ మీ నాలుగు ప్రశ్నలు.

మీరు ఫిర్యాదుగా రాసిన ఒక వాక్యం నాకు చాలా పనికొచ్చింది. "హెడ్‌ఫోన్ పెట్టుకుని ఎవరెవరితోనో హిందీలో గంటలకొద్దీ వాగుతాడు, నవ్వుతాడు, ఆర్డర్లేస్తాడు, మాతో మాత్రం రెండు ముక్కలు మాట్లాడడు" అన్నారు. చెల్లెమ్మా, అది మంచి వార్త. ముక్కూమొహం తెలియని ముగ్గురిని ఒక జట్టుగా నడిపిస్తున్నాడంటే వాడికి మాట్లాడటం వచ్చు. ఎక్కడ మాట్లాడాలనిపిస్తోంది, ఎక్కడ అనిపించట్లేదు అన్నదే మనం చూడాల్సింది.

నేను మొదట పన్నెండేళ్లు టీచర్‌ని. ఆ తర్వాత బరంపురంలో పిల్లలకు కౌన్సెలింగ్ మొదలుపెట్టి పంతొమ్మిదేళ్లయింది. పర్లా, కాశీనగర్, గుణుపూర్, రాయగడ వైపు నుంచి తెలుగు కుటుంబాలు ఎక్కువగా వస్తాయి. కింద చెప్పే పిల్లల వివరాలు గుర్తుపట్టకుండా మార్చాను.

అడిక్షనేనా అన్నదానికి సూటిగా చెప్తాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోగాల జాబితా ఐసీడీ-11ను 2019లో ఆమోదించారు, 2022 జనవరి నుంచి అమల్లో ఉంది. అందులో "గేమింగ్ డిజార్డర్" ఉంది. "ఇంటర్నెట్ అడిక్షన్" అనే పేరుతో విడిగా రోగం లేదు, రీల్స్ రోగం అంతకంటే లేదు. అమెరికా మానసిక వైద్యుల పుస్తకం డీఎస్ఎం-5 కూడా 2013లో ఇంటర్నెట్ గేమింగ్ సమస్యకు తొమ్మిది లక్షణాలు రాసి, "ఇంకా పరిశోధించాల్సినవి" అనే భాగంలో పెట్టింది. ఐసీడీ మూడు సంగతులు చూడమంటుంది. ఆట మీద అదుపు పోయిందా? మిగతా పనులన్నిటికంటే ఆటే ముందుకొచ్చేసిందా? నష్టం కళ్లముందు కనిపిస్తున్నా ఆపలేకపోతున్నాడా? ఇవన్నీ మామూలుగా ఏడాది పాటు సాగాలి, చదువో ఇల్లో స్నేహాలో బాగా దెబ్బతినాలి. ఎన్ని గంటలు ఆడితే రోగం అన్న లెక్క అందులో లేదని గమనించండి. మనవాళ్లు మొదట అడిగేది మాత్రం గంటలే.

మీరు రాసినదాన్ని బట్టి బాబు బడి మానలేదు. సైకిలేసుకుని ట్యూషన్‌కు వెళ్తున్నాడు. అమ్మమ్మ పక్కన పడుకుని ఇప్పటికీ కబుర్లు చెప్తాడట. అదొక్కటే నాకు కొండంత ధైర్యం. కానీ నిరుటి నుంచి క్రికెట్ మానేశాడు, మార్కులు తగ్గాయి, నిద్ర పాడైంది. కాబట్టి వాడింకా గోతిలో పడలేదు, గట్టు మీద ఉన్నాడు. అలాగని ఊరుకునే పరిస్థితీ కాదు. ఇంటర్నెట్లో కింబర్లీ యంగ్ అనే సైకాలజిస్టు 1998లో తయారుచేసిన ఇరవై ప్రశ్నల పరీక్ష దొరుకుతుంది. పెట్టాలనిపిస్తే పెట్టండి, కానీ ఆ మార్కులు చూసి ఇంట్లో పంచాయితీ పెట్టకండి. అది డాక్టరుతో మాట మొదలుపెట్టడానికి పనికొస్తుంది, తీర్పు చెప్పడానికి కాదు.

ఇక ఫోన్ వల్ల మాట పోయిందా, మాట రాక ఫోన్‌లో దూరాడా? ఈ ప్రశ్నకు పాతికేళ్లకు పైగా పరిశోధకులే తిరిగి తిరిగి వస్తున్నారు. 1998లో రాబర్ట్ క్రౌట్ అనే ఆయన, సహచరులు కలిసి అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో కొత్తగా ఇంటర్నెట్ పెట్టించుకున్న కుటుంబాలను గమనించి, వాడకం పెరిగేకొద్దీ ఇంట్లోవాళ్లతో మాటలు తగ్గాయని, ఒంటరితనం పెరిగిందని రాశారు. పేపర్లన్నీ ఎత్తుకున్నాయి. 2002లో అదే బృందం మళ్లీ చూస్తే ఆ చెడు ఫలితాలు చాలావరకు కనిపించలేదు. కానీ ఇంకోటి కనిపించింది. నలుగురిలో కలిసే స్వభావం ఉన్నవాళ్లకు ఇంటర్నెట్ మేలు చేసింది, ముడుచుకుపోయే వాళ్లను ఇంకా ముడుచుకునేలా చేసింది. కలిగినవాడికే కలిసొచ్చిందన్నమాట. నా అనుభవమూ అదే. జంకు ఉన్న పిల్లాడు ఫోన్‌లోకి వెళ్తాడు, వెళ్లినకొద్దీ బయట మాట్లాడే అలవాటు తప్పుతుంది, అలవాటు తప్పినకొద్దీ జంకు పెరుగుతుంది. ఎక్కడ మొదలైందో వెతుక్కుంటూ కూర్చుంటే కాలం గడిచిపోతుంది. ఏ చోట తెంపడం తేలికో అక్కడ తెంపాలి.

అలవాటు తప్పింది అంటున్నాను తప్ప పోయింది అనట్లేదు, దానికో కారణం ఉంది. 2014లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వాళ్లు ఆరో తరగతి పిల్లలను 51 మందిని అయిదు రోజులు ఫోన్లూ టీవీలూ లేని శిబిరంలో ఉంచారు. మొహాలు చూసి ఎదుటివాళ్ల మనసు పసిగట్టే పరీక్ష ముందూ వెనకా పెట్టారు. ఇంటి దగ్గర మామూలుగా ఉన్న పిల్లలకంటే వీళ్లు బాగా మెరుగుపడ్డారు. అయిదు రోజుల్లోనే! తుప్పు పట్టిన గొళ్లెం నాలుగుసార్లు ఆడిస్తే వదులైనట్టు. అయితే చాలామంది దీన్ని "ఫోన్ తీసేస్తే చాలు" అని చదువుకుంటారు. శిబిరంలో ఫోన్ లేకపోవడం ఒక్కటే కాదు, పొద్దున లేస్తే రాత్రి దాకా చుట్టూ తోటి పిల్లలున్నారు, కలిసి చెయ్యాల్సిన పనులున్నాయి. మనం ఫోన్ లాక్కుని పిల్లాణ్ని నాలుగు గోడల మధ్య కూర్చోబెడితే శిబిరం కాదు, జైలవుతుంది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఇది విజయవాడలోనో హైదరాబాదులోనో కూర్చున్న కౌన్సెలర్‌కు తట్టదు, మన సరిహద్దు ఇళ్లలోనే తెలుస్తుంది.

బాబుకు ఇంట్లో తెలుగు. వీధిలో ఒడియా. బడిలో ఇంగ్లీషు మీడియం, ఒడియా ఒక సబ్జెక్టు. ఆటలో హిందీ. తెలుగు చదవడం రాదు, ఎందుకంటే ఎవరూ నేర్పలేదు. ఇన్ని భాషలు తెలిసిన పిల్లాడు ఎక్కడికెళ్లినా తప్పులు దొర్లే పిల్లాడే. క్లాసులో ఒడియా మాట్లాడితే యాస పట్టుకుని "తెలంగా" అని ఏడిపిస్తారు. సెలవులకు టెక్కలి, పాతపట్నం వెళ్తే మన మేనల్లుళ్లే "వీడు ఒరియా గుంటడురా, మాట సూడు" అని నవ్వుతారు. మనమేం తక్కువ కాదు. చుట్టాల ముందు వాడొక మాట తప్పు పలికితే సరిదిద్దుతాం. కోపమొస్తే "నీకు తెలుగూ రాదు, ఒరియా రాదు, ఎందుకూ పనికిరావు" అనేస్తాం. ఈ మాట నేను విన్నన్ని ఇళ్లలో ఇంకే మాటా వినలేదు.

రాయగడ నుంచి ఒకమ్మాయి వచ్చేది, పద్నాలుగేళ్లది. బడిలో ఎవరితోనూ మాట్లాడదని, ఎప్పుడూ ఇన్‌స్టాగ్రామ్‌లోనే ఉంటుందని తెచ్చారు. మూడు వారాల తర్వాత నాతో అన్న మొదటి పెద్ద వాక్యం ఇది: "ఆంటీ, అక్కడ టైప్ చేస్తే యాస కనపడదు." నేను వెంటనే ఏమీ అనలేకపోయాను.

మీవాడి ఆటలోనూ ఇదే ఉంది. అక్కడ వాడి పేరు ఏదో గేమర్ పేరు. ఊరెవరూ అడగరు, కులం అడగరు, మార్కులు అడగరు. అందరి హిందీ అంతంత మాత్రమే కాబట్టి వాడి హిందీని ఎవరూ ఎగతాళి చెయ్యరు. దానికితోడు మాట్లాడాల్సిన విషయం రెడీగా ఉంటుంది. శత్రువు కుడివైపున్నాడు, నన్ను కాపాడు, గన్ ఇటివ్వు. మన ముందుగదిలో పరిస్థితి చూడండి. చుట్టం వస్తాడు, "ఏటి సదువుతున్నావురా? ఎన్ని మార్కులొచ్చాయి? ఇంత సన్నబడ్డావేటి?" అంటాడు. అది కబుర్లు కాదు, వైవా. నేనైనా లోపలి గదిలోకే పారిపోతాను.

ఒక్క విషయం గుర్తొస్తోంది, చెప్పకుండా ఉండలేను. ఇదే పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులుగారు బడిలో పాఠాలు చెప్పేవారు. పిల్లాడి నోట్లో ఏ మాటుందో ఆ మాటతోనే చదువు చెప్పాలని జీవితమంతా వాదించారు. సవర గిరిజనుల పిల్లలకు చదువు చెప్పడం కోసం ముందు తాను సవర భాష నేర్చుకున్నారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29ని తెలుగు భాషా దినంగా జరుపుకుంటున్నాం. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రమైనప్పుడు ఈ ఊరు అటు వెళ్లింది, మాట మాత్రం రెండువైపులా మిగిలింది. అలాంటి ఊళ్లో పిల్లలు యాసకు సిగ్గుపడి నోరు మూసుకుంటున్నారంటే నాకు బాధగా ఉంటుంది. సరే, మళ్లీ మీ ఇంటికి వద్దాం.

ఫోన్ లాగేసుకోవాలా? వద్దు. ఇది పుస్తకం చదివి చెప్తున్న మాట కాదు. పని మొదలుపెట్టిన కొత్తలో ఒక తండ్రికి నేనే చెప్పాను, "మొత్తం తీసేయండి, వారం ఏడుస్తాడు, తర్వాత అదే సర్దుకుంటుంది" అని. మూడో రోజు రాత్రి పద్నాలుగేళ్ల పిల్లాడు ఇల్లు వదిలి వెళ్లిపోయాడు. తెల్లారి రైల్వే స్టేషన్ బెంచీ మీద దొరికాడు, బాగానే ఉన్నాడు. కానీ ఆ రాత్రంతా ఆ తల్లి నాకు ఫోన్ చేస్తూనే ఉంది, ఆ గొంతు నేను మర్చిపోలేదు. తప్పు నాది. ఆ పిల్లాడికి ఉన్న స్నేహితులందరూ అందులోనే ఉన్నారని నేను అడిగి తెలుసుకోలేదు. ఒక్క దెబ్బతో అందరినీ లాగేశాను.

మీరు మొదట చెయ్యాల్సింది మీవారితో. ఫోన్ పగలగొట్టిన విషయం మీద ఆయన బాబుతో ఒక మాట మాట్లాడాలి. పెద్ద ప్రసంగం వద్దు. "ఆ రోజు నేను చేసింది తప్పు, నీకేమవుతుందోనన్న భయంతో చేశాను" అంటే చాలు. మన ఇళ్లలో నాన్నలకు ఇది ఫోన్ కొనడం కంటే ఖరీదైన పని, తెలుసు. కానీ గొడవైన తర్వాత మళ్లీ మాట కలపడం ఎలాగో పిల్లాడు చూసి నేర్చుకోవాలంటే మొదటి పాఠం చెప్పాల్సింది ఆయనే. అలా చూడనివాడికి బయట ఎవరితోనైనా మాట తేడా వస్తే తెలిసిన దారి ఒక్కటే, బ్లాక్ చేసెయ్యడం.

రెండోది నిద్ర. ఈ వయసు పిల్లలకు ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలి. మీవాడికి అయిదున్నర కూడా లేదు. నిద్ర చాలని మనిషికి ఎదుటివాడి మొహంలో ప్రతిదీ కోపంగానే కనిపిస్తుంది. ఎవరేమన్నా కసురుకోవాలనిపిస్తుంది. సగం "మాట్లాడకపోవడం" అక్కడే పుడుతుంది. రాత్రి పదిన్నరకు ఇంట్లో ఉన్న ఫోన్లన్నీ హాల్లో ఒకే చోట ఛార్జింగ్‌కు పెట్టండి. ఫోన్లన్నీ అన్నాను, మీదీ మీవారిదీ కూడా. మీరు పడుకున్నాక వంటల వీడియోలు చూస్తారని మీరే రాశారు. పొద్దున లేపడానికి ఫోన్ అలారమే కావాలంటే నూరు నూటయాభై పెట్టి బల్ల గడియారం కొనండి.

ఆట ఆపించే పద్ధతి కూడా తెలుసుకోవాలి. "ఇప్పుడే ఆపు" అని అరిస్తే ఎందుకు అంత రెచ్చిపోతాడో పెద్దవాళ్లకు అర్థం కాదు. ఒక మ్యాచ్ పది పదిహేను నిమిషాలుంటుంది. మధ్యలో వదిలేస్తే జట్టులో మిగతావాళ్లు ఓడిపోతారు, వీణ్ని తిడతారు, తర్వాత పిలవరు. క్రికెట్లో పదో ఓవర్లో బ్యాట్ కింద పడేసి ఇంటికి వచ్చేసినట్టే. కాబట్టి పదికి వెళ్లి, "ఈ మ్యాచ్ ఎప్పుడవుతుంది? అయ్యాక ఇంకోటి మొదలుపెట్టకు" అనండి. ఈ ఒక్క మార్పుతో గొడవ సగానికి తగ్గిన ఇళ్లు చాలా చూశాను. రీల్స్ సంగతి వేరు. దానికి చివరంటూ లేదు, వేలు కదిలితే ఇంకోటి వస్తుంది, తర్వాతది బాగుంటుందేమో అన్న ఆశతోనే కూర్చోబెడుతుంది. నన్ను అడిగితే ఆట కంటే రీల్సే ఎక్కువ మాట మింగేస్తాయి, ఆటలో కనీసం మనుషులున్నారు. ముందు రీల్స్ తగ్గించండి, ఆట జోలికి తర్వాత వెళ్దాం.

ఇక మాట. ఇక్కడే మీకు ఎక్కువ పని.

ఒక నెలపాటు వాడి భాషను సరిదిద్దకండి. తెలుగులో ఒడియా కలిపినా, క్రియ తప్పు పెట్టినా వినండి, జవాబు చెప్పండి, అంతే. అత్తయ్యలకూ మామయ్యలకూ ముందే ఫోన్ చేసి, మార్కుల గురించి, యాస గురించి అడగొద్దని చెప్పండి. వాళ్లు నొచ్చుకున్నా పర్లేదు. ఆటలో పావుగంట పక్కన కూర్చుని "ఇది ఎవరు? ఆ అబ్బాయిది ఏ ఊరు? నువ్వెందుకు ఇటు వెళ్లావు?" అని అడగండి. నీతులు వద్దు. మొదటి రోజు చిరాకు పడతాడు. మూడో రోజుకు మీకే పాఠం చెప్తాడు. పిల్లాడు తనకు తెలిసిన విషయం మీద పెద్దవాళ్లకు వివరించి చెప్పడం కంటే మంచి మాటల వ్యాయామం నేను ఇప్పటిదాకా చూడలేదు.

కొట్టులో నోరు విప్పలేకపోతున్నాడు అన్నారు కదా. "వెళ్లి సరుకులు తే" అనడం వాడికి పెద్ద గోడ. దాన్ని మెట్లు చెయ్యండి. మొదటి వారం చీటీ ఇచ్చి పంపండి, చీటీ ఇచ్చి సరుకు తెస్తే చాలు. తర్వాత చీటీలో రాయని ఒక వస్తువు నోటితో అడగాలి. ఆ తర్వాత "ఇది ఎంత, వేరే రకం ఉందా" అని ఒక ప్రశ్న అడగాలి. ఆ తర్వాత చిల్లర తక్కువ వస్తే చెప్పాలి. ఒక్కో మెట్టుకు నాలుగైదుసార్లు. గుండె దడదడలాడుతుంది, కొట్టుకోనివ్వండి. రెండు మూడుసార్లు వెళ్లాక అదే తగ్గుతుందని వాడి ఒంటికి తెలియాలి. మధ్యలో తిరిగొచ్చేస్తే తిట్టకండి, కింది మెట్టు నుంచి మళ్లీ. ఏం అనాలో ఇంట్లో ఒకసారి అనిపించి పంపండి, ఒడియాలోనే అనిపించండి.

నేను ఎక్కువ నమ్మేది ఇంకోటుంది. మీ అమ్మగారికి తెలుగు తప్ప రాదన్నారు. బ్యాంకులో పింఛను తీసుకోవాలన్నా, పాస్‌బుక్కు రాయించాలన్నా, కరెంటు ఆఫీసులో అడగాలన్నా ఎవరో ఒకరు తోడు వెళ్లాలి. బాబును పంపండి. అమ్మమ్మ తెలుగులో అంటుంది, వాడు కౌంటర్లో ఒడియాలో అడుగుతాడు, వచ్చిన జవాబు మళ్లీ తెలుగులో అమ్మమ్మకు చెప్తాడు. సరిహద్దు పిల్లలకు తప్ప ఇంకెవరికీ ఈ పని చేతకాదు. విషయం రెడీగా ఉంటుంది, తన గురించి ఎవరూ అడగరు, పక్కన అమ్మమ్మ ఉంటుంది. ఆటలో వాడికి మాట ఎందుకొస్తోందో ఆ కారణాలన్నీ ఇందులోనూ ఉన్నాయి. బడిలో వెక్కిరింపులు తెచ్చిన భాషలే ఇక్కడ పని చేసిపెడతాయి. గుణుపూర్ వైపు ఒకబ్బాయి ఇలా అమ్మమ్మతో మొదలుపెట్టి, వీధిలో నలుగురు ముసలివాళ్లకు ఫారాలు నింపిపెట్టే స్థాయికి వచ్చాడు. వాడు ఇప్పటికీ గేములు ఆడతాడు, వాళ్లమ్మ ఇప్పటికీ గొణుగుతుంది. ఆసుపత్రి విషయాలకు మాత్రం పిల్లల్ని దుబాసీలుగా వాడకండి, పెద్ద జబ్బుల మాటలు వాళ్ల నోట చెప్పించడం భారం.

క్రికెట్ ఎందుకు మానేశాడో మీరు రాయలేదు. అడగండి, కానీ ఎదురెదురుగా కూర్చోబెట్టి కాదు. బండి మీద వెనక కూర్చున్నప్పుడో, చిక్కుళ్లు ఒలుస్తున్నప్పుడో అడగండి. మగపిల్లలు కళ్లలోకి చూడాల్సిన అవసరం లేనప్పుడు ఎక్కువ మాట్లాడతారు. గ్రౌండులో ఎవరో ఏదో అని ఉండొచ్చు. మొత్తం జట్టులోకి మళ్లీ వెళ్లమనకండి. పాత జట్టులో ఒక్కడు, ఒక్కడే, వాడికి నచ్చినవాడు ఉంటే ఆదివారం టిఫినుకు పిలవండి. వాళ్లిద్దరూ కలిసి ఫోన్‌లోనే ఆడుకున్నా సరే, ఒకే గదిలో ఆడుకుంటున్నారు కదా.

డబ్బు సంగతి ఒకసారి చూసుకోండి. ఆటలో బొమ్మలూ వజ్రాలూ కొనడానికి మీ యూపీఐ వాడుతున్నాడేమో స్టేట్‌మెంట్ చూడండి. డబ్బు పందెం పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను 2025 ఆగస్టులో చేసిన కేంద్ర చట్టం నిషేధించింది. అయినా లింకులు తిరుగుతూనే ఉంటాయి. అలాంటిదేదైనా బయటపడితే అది వేరే సమస్య. అరవకుండా, ఆలస్యం చెయ్యకుండా డాక్టరు దగ్గరకు తీసుకెళ్లండి.

ఎప్పుడు నా మాటలు పక్కనపెట్టి డాక్టరును కలవాలి? చచ్చిపోతాను అన్నట్టు మాట్లాడినా, తనను తాను గాయపరచుకున్నా అదే రోజు. రెండు వారాలకు పైగా బడికి వెళ్లనని మొండికేసినా, చెయ్యి చేసుకుంటున్నా, అమ్మమ్మతో కబుర్లు కూడా ఆగిపోయినా ఆలస్యం వద్దు. ఇంకోటి, చిన్నప్పటి నుంచీ, ఫోన్ రాకముందు నుంచీ కళ్లలోకి చూడడం, తోటి పిల్లలతో ఆడటం కష్టంగా ఉండేదా? అలా అయితే దానికి ఫోన్‌తో సంబంధం లేని కారణాలుండొచ్చు, తప్పకుండా పరీక్ష చేయించాలి. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే ఫోన్ సాయం టెలిమానస్ నంబరు 14416, పైసా ఖర్చు లేదు, 2022 అక్టోబరు నుంచి నడుస్తోంది, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడతారు. ముందు మీరే చెయ్యండి, పిల్లాడితో చేయించక్కర్లేదు. జిల్లా ఆసుపత్రిలో ఈ వయసు పిల్లల కోసం కౌన్సెలర్ ఉండే క్లినిక్ గురించి అడగండి, ఒడిశాలో శ్రద్ధా క్లినిక్ అంటారు. బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీలో మానసిక వైద్య విభాగం ఉంది. బెంగళూరులోని పెద్ద మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌లో ఇలాంటి సమస్యల కోసమే 2014 నుంచి షట్ క్లినిక్ నడుపుతున్నారు, కానీ మీవాడి పరిస్థితికి అంతదూరం అక్కర్లేదని నా అభిప్రాయం. వెళ్లినప్పుడు "నిన్ను బాగు చేయించడానికి" అనకండి. "ఇంట్లో మన గొడవలు తగ్గించుకోవడానికి అందరం వెళ్తున్నాం" అనండి, అదే నిజం కూడా.

ఆఖరుగా, సంవత్సరీకానికి తీసుకెళ్లండి. కానీ వెళ్లి కూర్చోమని కాదు, పని చెప్పి తీసుకెళ్లండి. ఒడిశా వైపు నుంచి వచ్చే చుట్టాలకు, తాతగారి పాత స్నేహితులకు పాతపట్నంలో ఇల్లు తెలియదు కదా. బస్టాండు దగ్గర దిగేవాళ్లను ఇంటికి తీసుకురావడం బాబు పని అని మీ అన్నగారితో ముందే చెప్పించండి. వాళ్ల నంబర్లు వాడి ఫోన్‌లో ఎక్కించండి, ఎక్కడున్నారో కనుక్కోవడానికి ఆ ఫోన్ కావాల్సిందే. పని లేనప్పుడు అరగంట ఆడుకుంటే చూసీచూడనట్టు ఉండండి. భోజనాల దగ్గర ఎవరైనా "ఒరియా గుంటడు" అంటే, మీరు నవ్వకండి. "అవును, మాకు రెండూ వచ్చు" అని మీరే జవాబు చెప్పండి, వాడికి వినపడేలా.

పదిహేను రోజులయ్యాక మళ్లీ రాయండి. ఎన్ని గంటలు ఆడాడన్నది నాకు వద్దు. అమ్మమ్మతో బ్యాంకుకు వెళ్లిన రోజు అక్కడ ఏం జరిగిందో, వాడు చెప్పింది చెప్పినట్టు రాయండి.